కారే కిటికీ, దొరకని గొళ్ళెం: పాత మోటర్‌హోమ్ యజమానికి జవాబు

ప్రశ్న: మేము అమెరికాలో ఒహైయోలో ఉంటాం. నాన్నగారు ఉద్యోగ విరమణ చేశాక ముచ్చటపడి 1974 నాటి విన్నిబేగో కంపెనీ బ్రేవ్ మోటర్‌హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన బండి) కొన్నారు. ఇంజన్ బాగానే నడుస్తోంది. భోజనాల బల్ల పక్కనున్న జరిపే కిటికీ మాత్రం వాన పడితే కారుతోంది. బయట చుట్టూ సిలికాన్ పూశాం. కొంత తగ్గింది. రెండోసారి ఇంకా మందంగా పూశాం. ఈసారి మునుపటికన్నా ఎక్కువ కారుతోంది. విచిత్రం ఏమిటంటే, మా ఇంటి ముందు నిలిపినప్పుడే కారుతుంది, క్యాంపింగ్‌కు వెళ్ళినప్పుడు రెండు రోజుల వానకు కూడా చుక్క పడలేదు. కిటికీ కింద ఎడమ మూలలో గోడ చేత్తో నొక్కితే అరచేయంత మేర మెత్తగా ఉంది. ఏ సీలెంట్ వాడాలి? ఆ కిటికీ గొళ్ళెం విరిగింది, వెనక దీపం ఎర్ర అద్దం పగిలింది, ముందు అద్దం రబ్బరు ఎండి బీటలు వారింది. ఏ దుకాణంలో అడిగినా అంత పాత బండికి సామాను లేదంటున్నారు. ఎక్కడ వెతకాలి?

జవాబు: మీ లేఖలో నాకు అన్నిటికన్నా నచ్చింది "విచిత్రం ఏమిటంటే" అని మీరు రాసిన వాక్యం. సగం జవాబు అందులోనే ఉంది. ఏ సీలెంట్ వాడాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఆ డబ్బాను కూడా పక్కన పెట్టండి.

జరిపే కిటికీ ఎప్పుడూ పూర్తిగా నీరు చొరనిది కాదు. అలా ఉండాలని దాన్ని చేసినవాళ్ళు అనుకోలేదు కూడా. అద్దం మీద జారిన వాన నీరు కింది గాడిలోకి దిగుతుంది. ఆ గాడికి బయటివైపు అడుగున సన్నని చీలికల్లాంటి రంధ్రాలు రెండో మూడో ఉంటాయి. నీరు వాటిగుండా బయటకు పోతుంది. యాభై ఏళ్ళ దుమ్ము, చనిపోయిన పురుగులు, ఎండిన ఆకుల పొడి ఆ రంధ్రాలను మూసేస్తే గాడి చిన్న కాలువలా నిండి లోపలివైపుకు పొర్లుతుంది. మీరు రెండోసారి మందంగా పూసిన సిలికాన్ ఏం చేసి ఉంటుందో ఇప్పుడు ఊహించగలరు. నీరు వచ్చే దారిని మూస్తున్నామనుకుని పోయే దారిని మూశారు. కారడం ఎక్కువైంది అందుకే అని నా అనుమానం.

ఇక ఇంటి ముందే ఎందుకు కారుతోంది? మీ ఇంటి ముందు దారి వాలుగా ఉండి ఉంటుంది. బండి ఆ కిటికీకి ఎదురువైపుకు ఒరిగి నిలబడితే గాడిలోని నీరు బయటి రంధ్రాల వైపు కాక లోపలి అంచు వైపు చేరుతుంది. క్యాంపింగ్ స్థలంలో బండిని సమంగా నిలుపుతారు కాబట్టి అక్కడ బాధ లేదు. దీన్ని పరీక్షించడానికి వాన కోసం ఎదురుచూడనక్కరలేదు. సన్నని తీగతో ఆ రంధ్రాలు తెరవండి, సిలికాన్ అడ్డం ఉంటే బ్లేడుతో కోసి తీయండి. కిటికీ తెరిచి గాడిలో ఒక గ్లాసు నీళ్ళు నెమ్మదిగా పోయండి. నీరు బయటి గోడ మీద ధారగా దిగిపోవాలి. గాడిలోనే నిలిచినా, లోపలికి పొర్లినా మొదటి దొంగ దొరికినట్లే.

మొదటి దొంగ అన్నాను. ఎందుకంటే మెత్తబడిన గోడను చూస్తే ఇంకొకడు కూడా ఉన్నాడనిపిస్తోంది. గాడి పొర్లితే ముందు కిటికీ గట్టు మీద తడి కనబడుతుంది, మీరు తుడుస్తారు. కంటికి కనబడకుండా గోడ లోపలికి దిగే నీరు వేరు. అది ఫ్రేముకూ బయటి అల్యూమినియం రేకుకూ మధ్య నుంచి వస్తుంది. లేదా ఎక్కడో పైనుంచి వస్తుంది. ఆ కిటికీకి సూటిగా పైన, కప్పు అంచున చిన్న కాషాయ రంగు దీపాలు ఉన్నాయేమో చూడండి. వాటి అడుగున వేసిన మెత్త ఎండిపోతే నీరు వైరు రంధ్రంలోంచి గోడలోకి దిగి, కిటికీ పై అంచు దగ్గర ఆగి, పక్కకు పాకి, కింది మూలలో బయటపడుతుంది. కిటికీ ఏ పాపం చేయకపోయినా నింద దాని మీద పడుతుంది. ఇలా ఒక కిటికీని రెండుసార్లు ఊడదీసి బిగించిన తర్వాత గానీ పైన దీపం సంగతి నాకు తట్టలేదు. ఆ బండి నాదే కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం రాలేదు.

అందుకని గొట్టం పరీక్ష చేయండి. గోడ రెండు మూడు రోజులు పొడిగా ఉన్నాక, తోటకు నీళ్ళు పెట్టే గొట్టాన్ని ఒత్తిడి లేకుండా, వాన జారినట్లు పారనివ్వండి. కింది నుంచి పైకి వెళ్ళాలి. ముందు కిటికీకి కింద గోడ మీద, పది నిమిషాలు. తర్వాత కింది అంచు, పది నిమిషాలు. తర్వాత పక్కలు, పై అంచు, ఆఖరున దీపాలు, కప్పు అంచు. లోపల ఒకరు టార్చి పట్టుకుని కూర్చోవాలి. పైనుంచి మొదలుపెడితే అంతా ఒక్కసారే తడిసి ఏదీ తేలదు. ఓపిక లేక నేరుగా కిటికీ మీదకు గొట్టం ఎక్కుపెడితే ఏ కిటికీ అయినా కారుతుంది, దానివల్ల తెలిసేది ఏమీ లేదు. అనుమానం ఉన్నచోట పేపర్ టేపు, పాలిథిన్ కాగితంతో మూసి మళ్ళీ నీళ్ళు పారించి చూడవచ్చు. మూసినప్పుడు ఆగి, తెరిచినప్పుడు కారితే ఇక సందేహం ఉండదు.

ఫ్రేము చుట్టూ కారుతున్నట్లు తేలితే కిటికీని బయటకు తీయక తప్పదు. బయటినుంచి ఎంత పూసినా అది పైపూతే. మీ కిటికీ ఏ రకమో ముందు చూసుకోండి. బయటి అల్యూమినియం అంచులో సన్నని ప్లాస్టిక్ పట్టీ దూర్చి ఉంటే దాన్ని లాగండి, కింద వరసగా స్క్రూలు కనబడతాయి. బయట స్క్రూలే లేకపోతే లోపలివైపు ఒక చట్రం ఉండి, స్క్రూలు దానికి ఉంటాయి. ఆ చట్రం విప్పితే కిటికీ బయటివైపుకు వస్తుంది. ఇద్దరు ఉండాలి. ఒకరు విప్పుతుంటే మరొకరు అద్దాన్ని పట్టుకోవాలి. స్క్రూలు చేత్తోనే విప్పండి. మోటరుతో తిరిగే స్క్రూడ్రైవరు పెడితే తుప్పు పట్టిన స్క్రూల తలలు ఊడి, పావుగంట పని పూటంతా పడుతుంది. ఆ తర్వాత అంచును జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిచేస్తూ, పలుచని ప్లాస్టిక్ బ్లేడు దూర్చి కొద్దికొద్దిగా విడదీయండి. స్క్రూడ్రైవరు పెట్టి ఎగదన్నితే అల్యూమినియం అంచు వంగుతుంది. వంగిన అంచు మళ్ళీ ఎన్నటికీ తిన్నగా కూర్చోదు.

ఇక్కడే సిలికాన్ మీద నా కోపం చెప్పుకోవాలి. ఇంట్లో స్నానాల గదికి అది మంచిదే. పాత మోటర్‌హోమ్ కిటికీకి మాత్రం అది వదలని శని. ఏ ద్రావకానికీ చక్కగా కరగదు. కంటికి కనబడని పొర మిగిలినా దాని మీద కొత్త సీలెంట్ అంటదు, కొత్త సిలికానే పూసినా సరిగా అంటదు. మీ రెండో పూత మొదటి పూత మీద పడింది కాబట్టి బహుశా మొదటి రోజు నుంచే అది ఊరికే ఆనుకుని ఉంది, అతుక్కుని లేదు. ప్లాస్టిక్ బ్లేడుతో గీకి, గరుకు బట్టతో రుద్ది, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పాత బూడిద రంగు పుట్టీకి మినరల్ స్పిరిట్స్ (రంగులు పలచబరిచే ద్రావకం) పనిచేస్తుంది. పనిలో ఎక్కువ సమయం తినేది ఇదే. దీన్ని సగంలో వదిలేస్తే మిగతా శ్రమ అంతా వృథా.

కిటికీ తీశాక గోడ లోపలి సంగతి బయటపడుతుంది. ఆ కాలపు విన్నిబేగో గోడ ఒక రకం శాండ్‌విచ్. బయట అల్యూమినియం రేకు, మధ్యలో నురుగు పలక, లోపల చెక్క పలక, మూడూ జిగురుతో అతికించి ఉంటాయి. బరువు తక్కువ, వేడి చలి ఆపుతుంది, తడిస్తే మాత్రం పొరలు విడిపోతాయి. కిటికీ చుట్టూ ఉన్న కర్రను దబ్బనంతో పొడిచి చూడండి. దిగబడకపోతే కర్ర బతికే ఉంది. వెన్నలో దిగినట్లు దిగితే అక్కడిదాకా కోసి తీసి, అదే మందం ఉన్న పైన్ బద్ద పెట్టాలి. పైపైన మాత్రమే మెత్తబడితే పలుచని ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పీల్పించి గట్టిపరచవచ్చు. ఏదైనా ముందు ఆరాలి. ఫ్యాను పెట్టి రోజుల తరబడి ఆరబెట్టండి. చెమ్మ కొలిచే చిన్న పరికరం దొరుకుతుంది, అది 15 శాతం లోపు చూపేదాకా మూయకండి. తడి కర్రను మూసేసి పైన ఎంత గొప్ప సీలెంట్ వేసినా పుచ్చును పెట్టెలో పెట్టి దాచినట్లే. విడిపోయిన పొరలను జిగురు పూసి, రెండువైపులా చదునైన పలకలు పెట్టి, క్లాంపులతో ఒక రోజంతా నొక్కి ఉంచితే చాలావరకు కూర్చుంటాయి. అరచేయంత మేరకు ఇది చాలు. పాలిథిన్ కాగితం, టేపు దగ్గర ఉంచుకోండి. కన్నం తెరిచి ఉన్న రాత్రే వాన వస్తుంది.

గోడ ఆరుతుండగా కిటికీని బల్ల మీద పెట్టి దాని పని చూడండి. నాలుగు మూలల్లో ఫ్రేము కలిసే కీళ్ళు దశాబ్దాల కుదుపుకు సన్నగా తెరుచుకుంటాయి. కింది రెండు మూలల్లో లోపలివైపు శుభ్రం చేసి సీలెంట్ చుక్క పెట్టండి. అద్దం జరిగే గాడిలో ముఖమల్ లాంటి నూగు ఉన్న పట్టీ ఉంటుంది. అది అరిగి బోడిగా ఉంటే మార్చాలి, అద్దం గడగడలాడటం కూడా ఆగుతుంది. బిగించే ముందు కిటికీని పెరట్లో నిలబెట్టి నీళ్ళు పోసి చూడండి. గోడకు ఎక్కాక తెలిసే తప్పు ఇక్కడే తెలిస్తే మేలు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఏ సీలెంట్? బ్యుటైల్ టేపు. మెత్తగా అంటుకునే రబ్బరు పట్టీ, బూడిద రంగులో చుట్టలా వస్తుంది. మూడు మిల్లీమీటర్ల మందం, ముప్పాతిక అంగుళం లేదా అంగుళం వెడల్పు ఉన్నది తీసుకోండి. పుట్టీ టేపు అని చవకగా దొరికేదాన్ని చూసి మోసపోకండి, అది కొన్నేళ్ళకే ఎండి పగులుతుంది. బ్యుటైల్ ఏళ్ళ తరబడి మెత్తగా సాగుతూ ఉంటుంది, కదిలే బండికి కావలసింది అదే. ఫ్రేము అంచు లోపలివైపు కింది అంచు మధ్యలో మొదలుపెట్టి, లాగకుండా పరుస్తూ చుట్టూ తిరిగి, మళ్ళీ అక్కడే కలపండి. అతుకు పైన ఉండకూడదు. ఫ్రేమును కన్నంలో కూర్చోబెట్టి, కొత్త స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. ఒకేచోట ఆఖరుదాకా బిగిస్తే అక్కడ టేపు మొత్తం బయటికి వచ్చేసి పక్కన ఖాళీ మిగులుతుంది. పాత రంధ్రం వదులైపోతే జిగురు పూసిన చెక్క పుల్ల దూర్చి మళ్ళీ స్క్రూ వేయండి. ఒక రోజు ఎండకు వదిలేసి మర్నాడు ఇంకో చుట్టు బిగించండి, ఆ మర్నాడు మరోసారి. బయటికి పొంగిన టేపును ప్లాస్టిక్ బ్లేడుతో కోసేయండి. పై అంచుకు, రెండు పక్కలకు సన్నగా పాలియురెథేన్ సీలెంట్ గీత వేయవచ్చు, సిలికాన్ మాత్రం వద్దు. కింది అంచుకు వద్దు. ఎప్పుడైనా లోపలికి నీరు చేరితే అది పోవడానికి ఒక దారి ఉండాలి. ఆ దారి మూస్తే ఏమవుతుందో మీకు ఇప్పటికే అనుభవం.

ఇక విడిభాగాలు. మీరు దుకాణంలో "1974 విన్నిబేగో బ్రేవ్ సామాను ఉందా" అని అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకు లేదనే జవాబు వస్తుంది. అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నిబేగో కంపెనీ 1966 నుంచి మోటర్‌హోమ్‌లు చేస్తోంది గానీ, వాటిలోని ఎన్నో వస్తువులు అది చేసినవి కావు. ఛాసిస్ (చక్రాలు, ఇంజన్ బిగించే అడుగు చట్రం), ఇంజన్ ఒకరివి. కిటికీలు ఇంకొకరివి. దీపాలు, తాళాలు, ఫ్రిజ్, హీటరు తలా ఒకరివి. అందుకని బండి పేరుతో కాక, ఆ భాగం మీద అచ్చు వేసిన పేరుతో వెతకాలి.

గొళ్ళెం సంగతి చూడండి. ఆ రోజుల్లో అమెరికాలో ఎన్నో కంపెనీల మోటర్‌హోమ్‌లకు, ట్రెయిలర్లకు కిటికీలు హెర్ అనే సంస్థవి. మీ కిటికీ అద్దం మూలలోనో ఫ్రేము లోపలివైపో పేరు ఉందేమో భూతద్దంతో చూడండి. హెర్ కిటికీ అయితే మీకు కావలసిన గొళ్ళెం విన్నిబేగోలోనే దొరకాలని లేదు. అదే కాలపు ఏ ట్రెయిలర్‌లోనైనా ఉండవచ్చు, వెతికే చోటు ఒక్కసారిగా పదింతలవుతుంది. విరిగిన ముక్కను స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి. స్క్రూ రంధ్రాల మధ్య దూరం, గొళ్ళెం కుడివైపుదా ఎడమవైపుదా, ఈ రెండూ రాసి పెట్టుకోండి. విరిగిన ముక్కను మాత్రం పారేయకండి. అచ్చం అలాంటిది దొరికిందని నమ్మడానికి అదొక్కటే సాక్ష్యం.

పాత ట్రెయిలర్ల భాగాలను కొత్తగా చేయించి అమ్మేవాళ్ళలో వెర్మాంట్‌లోని వింటేజ్ ట్రెయిలర్ సప్లై పేరున్నది. పాత బండ్లను విడగొట్టి అమ్మే యార్డుల్లో మిస్సోరి రాష్ట్రం కార్థేజ్‌లోని కోలా ఆర్‌వీ పెద్దది. ఇలాంటి చోట్లకు ఫోను చేయడం మేలు. యార్డు మూలన పడి ఉన్న బండి వాళ్ళ జాబితాలో ఉండకపోవచ్చు, అక్కడ పనిచేసే మనిషి జ్ఞాపకంలో ఉంటుంది. ఏం కావాలో ఒక్క వాక్యంలో చెప్పండి, కొలత చెప్పండి, ఫోటో పంపుతానని చెప్పండి. నాన్నగారు బండి కథంతా మొదటినుంచి చెప్పాలనుకుంటే భాగం చేతికి వచ్చాక చెప్పమనండి.

వెనక దీపం అద్దం మీద బార్గ్‌మన్ అనో, ఇంకెవరి పేరో, ఒక నంబరో పోతపోసి ఉంటుంది. పగిలిన ముక్కలను కలిపి చదవండి. బార్గ్‌మన్ దీపాలు చాలాకాలం ఒకే కొలతలో వచ్చాయి కాబట్టి దొరికే అవకాశం బాగానే ఉంది. దొరకకపోతే పాత రంధ్రాన్ని పూర్తిగా కప్పే కొత్త దీపాల జత వేయండి, ఒక్కటే కాదు. ఈ విషయంలో పాతదనం మీద మమకారం పనికిరాదు. వెనక వచ్చేవాడికి మీరు బ్రేకు వేసినట్లు కనబడాలి.

ముందు అద్దం రబ్బరుకు నార్త్ కరోలినాలోని స్టీల్ రబ్బర్ ప్రొడక్ట్స్ వంటి సంస్థలు ఉన్నాయి. అది డెన్వర్ అనే ఊళ్ళో ఉంటుంది, కొలరాడో డెన్వర్ అనుకుని నాలా తికమక పడకండి. పాత రబ్బరును అడ్డంగా అంగుళం ముక్క కోసి దాని ముఖాన్ని చూడండి. రెండు గాడులు, ఒక్కొక్కదాని వెడల్పు, మధ్య మందం, ఇవి సరిపోతే పేరుతో పనిలేదు. రబ్బరు మార్చేటప్పుడు అద్దాన్ని మీరే తీయాలని పట్టుపట్టకండి, పాత అద్దాలు బిగించే మనిషిని పిలవండి. అద్దమే పగిలితే, అది చదునైనదైతే భయం లేదు. ముందు అద్దం లామినేట్ చేసినది (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించినది), పాతది అచ్చుగా పెట్టి కొత్తది కోస్తారు, మూలన ముందు అద్దానికి తగినదని చెప్పే ఏఎస్1 (AS1) గుర్తు ఉండాలి. పక్క కిటికీది టెంపర్ చేసిన (వేడిచేసి గట్టిపరచిన) అద్దమైతే దాన్ని తర్వాత కోయడం కుదరదు, కోయబోతే గులకరాళ్ళలా పొడైపోతుంది. ముందే కొలత ఇచ్చి కోయించి ఆ తర్వాత టెంపర్ చేయించాలి.

ఇంజన్, బ్రేకుల సామాను మీరు అడగలేదు గానీ రేపు అడుగుతారు. మీ బండి కింద ఉన్నది డాడ్జ్ ఛాసిస్. డాడ్జ్ ట్రక్కులకు వాడిన భాగాలే చాలావరకు దానికీ సరిపోతాయి. చిక్కు రెండు చోట్ల వస్తుంది. కౌంటరు దగ్గర కుర్రవాడు అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే బండి గుర్తింపు నంబరు అడుగుతాడు. ఆ పద్ధతి 1981 మోడళ్ళతో వచ్చింది, మీ బండి నంబరు అంతకన్నా చిన్నది, అతని కంప్యూటర్ దాన్ని ఒప్పుకోదు. రెండోది, ఛాసిస్ ఒకచోట తయారై, కొన్ని నెలల తర్వాత దాని మీద ఇల్లు కట్టారు. కాబట్టి కాగితాల్లో 1974 అని ఉన్నా ఛాసిస్ 1973ది కావచ్చు. డ్రైవరు సీటు దగ్గరో ఇంజన్ మూత దగ్గరో ఛాసిస్ ప్లేటు ఉంటే ఎం300, ఎం400 లాంటి మోడలు గుర్తును చూసి రాసుకోండి. ఆ గుర్తు, ఇంజన్ సైజు చెప్పి, పాత అచ్చు కేటలాగులు తిప్పడం తెలిసిన పెద్దాయన ఉన్న దుకాణాన్ని వెతుక్కోండి. ఇదే కాలపు జీఎంసీ (జనరల్ మోటర్స్ వారిది) మోటర్‌హోమ్ యజమానులను చూసి నాకు ఒక్కోసారి అసూయ కలుగుతుంది. 1973 నుంచి 1978 దాకా సుమారు 13 వేల బండ్లు మాత్రమే వచ్చాయి, ఒకే నమూనా, యజమానులు జట్టుగా ఉండి భాగాలు చేయించుకుంటారు. విన్నిబేగోలు అంతకన్నా చాలా ఎక్కువ, నమూనాలు కూడా ఎక్కువ, అందుకే వెతుకులాట కూడా ఎక్కువ.

భాగాల కోసం అలాంటిదే ఇంకో పాత బండి మొత్తం కొనేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. పెరడు పెద్దదైతే, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే సరే. నాకు తెలిసినంతలో అలా కొన్నవాళ్ళలో చాలామంది చివరకు రెండు కారే బండ్లకు యజమానులయ్యారు.

మీరు అడగని ఇంకొక్క విషయం, కిటికీకన్నా ముందు చూడవలసింది. నాన్నగారిని బండి దిగి టైరు పక్క గోడ మీద అంకెలు చదవమనండి. ఆ కాలపు మోటర్‌హోమ్‌లకు 8.75-16.5 టైర్లు (చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో) ఎక్కువగా ఉండేవి. ఆ సైజు ఇప్పుడు దొరకడం కష్టం. ఎవరైనా 16 అంగుళాల టైరు ఎక్కిస్తాం, అర అంగుళమే కదా అంటే ఒప్పుకోవద్దు. 16.5 రిమ్ములో టైరు కూర్చునే అంచు వాలు 15 డిగ్రీలు, 16ది 5 డిగ్రీలు. టైరు ఎక్కినట్లే ఎక్కి గాలి నింపేటప్పుడు పేలి మనుషులు పోయిన సందర్భాలున్నాయి. టైర్లు మార్చాలంటే రిమ్ములతో సహా 16కు మారాలి, చక్రాన్ని బిగించే స్టడ్ల అమరిక, బరువు మోసే శక్తి రెండూ సరిచూసుకుని. డాట్ (DOT) అన్న అక్షరాల వెనక చివరి అంకెలు తయారైన వారాన్ని, ఏడాదిని చెబుతాయి. అక్కడ నాలుగు అంకెలు కాక మూడే ఉంటే ఆ టైరు 2000కు ముందుది. అదే కనబడితే టైర్లు మార్చేదాకా బండిని వాలు దారి మీద నుంచి కదపకండి, ఛాసిస్ ప్లేటు మీద ఉన్నది, టైరు మీద ఉన్నది యథాతథంగా రాసి పంపండి.